కోదాడ నుంచి ఫోన్

జైరాం స్విచ్ వేసి, చెయ్యి దాని మీదే ఉంచి, తెర వెలిగేదాకా ఊపిరి బిగబట్టాడు. పొయ్యి మీద పాలు పెట్టిన ఇల్లాలు కూడా గిన్నె వంక అంత భయంగా చూడదు. ముందు నీలం రంగు వచ్చింది. తర్వాత గోపురం బొమ్మ, దాని వెనకాల నాదస్వరం. అప్పుడు చెయ్యి తీశాడు.

గదిలో వరసగా మూడు చిన్న టీవీలున్నాయి. వాటి నెత్తిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అని తెల్ల రంగుతో రాసి ఉంటుంది. ఆఫీసు చూడ్డానికి వచ్చినవాళ్ళు, మూడూళ్ళలో బొమ్మ ఎలా వస్తోందో ఇక్కడే తెలిసిపోతుందన్నమాట అని మెచ్చుకునేవాళ్ళు. నిజానికి మూడింటికీ ఈ గదిలోని ఒక్క తీగ నుంచే బొమ్మ వస్తుంది. కోదాడలో కేబుల్ తెగి నేల మీద పడున్నా కోదాడ టీవీ నవ్వుతూనే ఉంటుంది. ఆ సంగతి తెలిసినవాడు గనక జైరాం ఆ మూడింటినీ రోజూ తుడుస్తాడు గాని నమ్మడు.

సన్నటి మనిషి. వయసులో ఉండగా కేబుల్ చుట్టలు మోసి మోసి ఎడమ భుజం కాస్త దిగిపోయింది. గదిలో ఏసీ మిషన్ల కోసం పెట్టిందే గాని మనుషుల కోసం కాదు కాబట్టి, ఎండాకాలంలో కూడా చొక్కాకి మెడదాకా గుండీలు పెట్టుకుంటాడు. కళ్ళజోడు కాడ విరిగితే దారం చుట్టాడు, ఆ దారమూ పాతబడి అసలు కాడ రంగులోకి వచ్చేసింది. చివ్వెంల దగ్గరి తండా నుంచి మొదటి బస్సుకి వస్తాడు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. భయపడటం మాత్రం రెండింట్లోనూ ఒకేలా భయపడతాడు.

ఈ మూడూళ్ళ టీవీ పెట్టింది గోపాల్ రెడ్డి. పెద్దసారు అనేవాళ్ళు. పడుచుతనంలో చదువుకని లండన్ వెళ్ళి, ఒక ముసలామె ఇంట్లో కిరాయికి ఉన్నాడట. ఆమె ముందు గదిలో టీవీ ఉండేది. అప్పటికి మన దేశంలో ఆ పేరే ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆ తెర మీద చూసిన రోజుని ఆయన ఎన్నిసార్లు చెప్పాడంటే, విజయవాడ దాటి ఎరగని జైరాంకి లండన్‌లో డెబ్భై ఏళ్ళ కిందటి టీవీ కంఠతా వచ్చు. మధ్యాహ్నం ఆడవాళ్ళకి వంటా, అల్లికా. అయిదింటికి పిల్లలకి బొమ్మలాట. ఆరు నుంచి ఏడు దాకా ఏమీ ఉండదు, తెర మూసేస్తారు, తల్లులు పిల్లల్ని పడుకోబెట్టుకోవాలి గదా మరి. ఆ తర్వాత వార్తలు, నాటకం. అన్నీ అయ్యాక ఒక పెద్దమనిషి వచ్చి ఇక పడుకోండని చెప్పి వెళ్ళిపోతాడు. ఒక కార్యక్రమానికీ ఇంకోదానికీ నడుమ సందు వస్తే కుమ్మరి చక్రం తిరగడం చూపిస్తారు, అంతే, మాటా పాటా ఏమీ లేకుండా.

సొంతంగా ఛానల్ పెట్టగానే పెద్దసారు అచ్చం ఆ రోజునే సూర్యాపేటలో దింపాడు. లండన్‌లో ఆ పద్ధతి ఎప్పుడో పోయిందట. ఇక్కడ మాత్రం, ఆయన పోయి ఇన్నేళ్ళయినా, ఇంకా నడుస్తోంది.

నడుస్తోందా అనేదే నిన్నటి నుంచి జైరాంని తింటున్న ప్రశ్న. నిన్న సాయంత్రం పెద్దసారు తమ్ముడి కొడుకు శశిధర్ మేడ మీదికి వచ్చాడు. కింద ఇంటర్నెట్ ఆఫీసు నడిపేది అతనే. కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు.

"జైరామన్నా, అసలు గీ ఛానల్ ఎవరన్న సూస్తున్నరా?"

"సూస్తరు సార్."

"ఎవరు?"

జైరాం మూడు టీవీల వంక చూశాడు.

"రేపు నీ ఆడవాళ్ళ ప్రోగ్రాం టైంకు వచ్చి కూసుంట. లైవ్‌ల ఒక్క ఫోన్ వచ్చినా ఇంకో ఏడాది నడుపుదాం. రాలేదనుకో, ఇగ బంద్ పెడదాం. పెదనాయన మీద గౌరవంతోనే ఇన్నొద్దులు నడిపిన."

ఒక్క ఫోన్. వినడానికి అదేం పెద్ద కోరిక కాదు. ఒకప్పుడు లైను దొరక్క జనం తిట్టుకునేవాళ్ళు. ఆ తర్వాత తగ్గి, తగ్గి, ఒకే ఒక్క గొంతు మిగిలింది. కోదాడ నుంచి ఊర్మిళమ్మ. అమ్మాయిల హాస్టల్లో వండి రిటైరైన మనిషినని ఒకసారి చెప్పింది. రోజూ చేసేది. పాట అడిగేది కాదు.

"ఏం బాబూ, బాగున్నావా? ఆ కుట్టుపని వెయ్యి నాయనా," అనేది.

ఆ కుట్టుపని సంగతి ఇది. తెర మూసే గంటలో నల్లటి తెర చూడలేక, కుమ్మరి చక్రం మాట గుర్తొచ్చి, జైరాం తన తల్లి రంగి అద్దాల రవిక కుడుతుంటే ఆమె చేతుల్ని వీడియో తీశాడు. మొహం లేదు, ఒట్టి చేతులూ, వాటి గాజుల గలగలా. సూది దిగుతుంది, లేస్తుంది, అద్దం చుట్టూ దారం బిగుస్తుంది. సందు వచ్చినప్పుడల్లా అదే వేసేవాడు. రంగి పోయినా చేతులు మాత్రం కుడుతూనే ఉన్నాయి.

ఊర్మిళమ్మ ఫోన్‌లో ఇంకో గుణం ఉంది. లైవ్‌కి ఫోన్ చేసినవాళ్ళని ముందుగా టీవీ సౌండ్ తగ్గించమని అడగాలి, లేకపోతే వాళ్ళింట్లోని టీవీ మాట ఫోన్లోంచి తిరిగొచ్చి గోల గోలగా ఉంటుంది. అందర్నీ అడిగేవాడు, ఆమెని మాత్రం ఎప్పుడూ అడగలేదు. తను "నమస్కారం అమ్మా" అంటే, క్షణం ఆగి, కోదాడలోని ఒక గదిలోంచి తన గొంతే "నమస్కారం అమ్మా" అని తిరిగొచ్చేది. ఆ మూడు టీవీలూ చెప్పలేని మాట అది చెప్పేది. బొమ్మ పోతోంది, చేరుతోంది, అక్కడొక మనిషి ఉంది.

పత్తి ఏరడం మొదలైనప్పటి నుంచి ఆ ఫోన్ రావడం లేదు.

పొద్దున అన్నం డబ్బా కడుతూ భార్య నీలా అడిగింది.

"ఏమయ్యా, నీ మొఖం గట్లెందుకున్నది? దయ్యాన్ని సూసినట్టు."

చెప్పాడు. చెప్పి, "ఇయ్యాల నువ్వు ఫోన్ చెయ్యరాదు," అన్నాడు.

"నేనా? టీవీల మాట్లాడుడు నాకొస్తదా?"

"ఇంకో పేరు చెప్పు. ఇంకో ఊరు చెప్పు. ఏదన్న పాట అడుగు, సాలు."

"పెండ్లయినప్పుడు మార్సుకోలే పేరు. ఇప్పుడు నీ టీవీ కోసం మార్సుకోవాల్నా?" అని డబ్బా చేతిలో పెట్టింది. చేస్తాననలేదు, చెయ్యననలేదు. నీలా దగ్గర ఆ రెండిటి మధ్యా చాలా జాగా ఉంటుంది.

నాదస్వరం అయింది. పుట్టినరోజుల వేళ వచ్చింది. ఇదివరకు ఈ వేళకి తెర మీద పిల్లల ఫోటోలు, దండలేసిన ముసలివాళ్ళ ఫోటోలు ఒకరి వెంట ఒకరు వచ్చేవి. ఆత్మకూరులో ఎవరు పోయినా, మాడుగులపల్లిలో ఎవరు పుట్టినా ఇక్కడ చూసే చుట్టాలు బయల్దేరేవాళ్ళు. ఇప్పుడు జనం ఎవరి ఫోన్లో వాళ్ళే పుడుతున్నారు, పోతున్నారు. జైరాం ఖాళీ బెలూన్ల బొమ్మ మీద శుభాకాంక్షలు అని వేసి ఊరుకున్నాడు. ఎవరికో ఒకరికి ఉంటుంది గదా పుట్టినరోజు.

మిర్యాలగూడ వడ్ల ధర వేశాడు. అది వేస్తుండగా ఒక అనుమానం వచ్చింది. ఒకవేళ తీగ ఎక్కడో తెగి ఉంటే? ఆమె ఫోన్ చెయ్యకపోవడానికి కారణం అదే అయితే? ఇన్నాళ్ళుగా తను ఈ గదిలో కూర్చుని ఈ గదికే వడ్ల ధర చెప్తున్నాడేమో. కోదాడ లైన్‌మన్ ముత్తయ్యకి ఫోన్ చేశాడు.

"ముత్తన్నా, మన ఛానల్ గాడ వస్తున్నదా?"

"వస్తనే ఉంటది తియ్."

"సూసినవా?"

"నేనేడ సూడాలె జైరాం, ఇంటర్నెట్ కనెక్షన్ల మీద తిరుగుతున్న. రాకపోతే ఎవరన్న తిట్టేటోళ్ళు గద?"

"ఎవరు తిట్టట్లేదు గన్క వస్తున్నదంటవా?"

"ఇంకెట్ల తెలుస్తది మరి?" అన్నాడు ముత్తయ్య, ఎంతో మామూలుగా.

జైరాం సెల్‌ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. ఊర్మిళమ్మ నంబరు అందులోనే ఉంది. తనే చెయ్యొచ్చు. కాని పెద్దసారు పెట్టిన నియమం ఒకటుంది. చూసేవాళ్ళ గడప మనం తొక్కకూడదు, వాళ్ళే మనల్ని పిలవాలి. ఆ నియమం వెనక దాక్కుని ఇన్నాళ్ళు గడిపాడు. నిజం చెప్పాలంటే, చేస్తే ఎత్తరేమోనన్నది ఒక భయం, ఎత్తి ఇంకెవరైనా మాట్లాడతారేమోనన్నది ఇంకో భయం. ఇవాళ నంబరు నొక్కాడు. అవతల మోగడం మొదలవగానే కట్ చేసి, ఫోన్‌ని దూరంగా నెట్టాడు. కాసేపు దాని వంక చూస్తూ, తిరిగి మోగుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. మోగలేదు.

డబ్బా విప్పాడు, రొట్టె తుంచాడు, మళ్ళీ మూసేశాడు.

ఆడవాళ్ళ కార్యక్రమానికి ఇదివరకు వందన అనే అమ్మాయి కూర్చునేది. ఆమె యూట్యూబ్‌కి వెళ్ళిపోయింది. ఇప్పుడు జైరామే కెమెరా పెట్టి, జైరామే దాని ముందుకు వచ్చి, జైరామే తల దువ్వుకుని కూర్చుంటాడు. వెనకాల పూల తెర, బల్ల మీద ప్లాస్టిక్ గులాబీలు, ఆఫీసు ల్యాండ్‌లైన్ ఫోన్.

శశిధర్ చెప్పిన వేళకే వచ్చి, కెమెరా వెనకాల కుర్చీ వేసుకున్నాడు. మంచివాడే. పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ తన ఫోన్ చూసుకుంటున్నాడు.

"నమస్కారం. ఆడవాళ్ళ కోసం కార్యక్రమానికి స్వాగతం. మీకు నచ్చిన పాట కోసం తెర మీద కనపడే నంబరుకి ఫోన్ చెయ్యండి," అన్నాడు జైరాం.

ఫోన్ పలకలేదు. ఒక పాట వేశాడు. పాట అయింది. నంబరు మళ్ళీ చదివాడు, అంకె అంకెకీ ఆగుతూ, రాసుకునేవాళ్ళ కోసం ఆగినట్టు. కెమెరా కన్ను గాజుదే అయినా అతని వంకే చూస్తోంది. దాని వెనక ఎవరున్నారు? శశిధర్ ఉన్నాడు. ఆ గోడ అవతల? మెడ దగ్గరి గుండీ ఒకటి విప్పాడు. బావిలోకి వంగి పిలిస్తే బావి కూడా పలుకుతుంది. ఇది పలకడం లేదు. ఇంకో పాట వేశాడు. పాట నడుస్తున్నంతసేపూ ఫోన్ కింద తీగ ఊడిందేమోనని వేళ్ళతో తడిమాడు. ఊడలేదు.

పాట చివర్లో ఫోన్ మోగింది.

జైరాం చెయ్యి తగిలి గులాబీలు కిందపడ్డాయి. శశిధర్ తల ఎత్తాడు.

"హలో, నమస్కారం. ఎవరమ్మా మాట్లాడేది?"

"నేను..." అంది అవతలి గొంతు. దమ్ము తీసుకుంది. "నేను వరలక్ష్మిని."

జైరాం గొంతు గుర్తుపట్టాడు. నీలా. అయినా ఫోన్ ఫోనే.

"ఎక్కడి నుంచమ్మా?"

"మిర్యాలగూడ. టౌన్ల."

వెనకాల గాలి ఈడ్చి కొడుతోంది. దూరంగా ఎవరో ఆడమనిషి ఇంకెవరినో అరిచి పిలుస్తోంది, ట్రాక్టర్ ఒకటి ముక్కుతోంది. ఈ చప్పుళ్ళన్నీ విని జైరాం నోరు, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ, తనంతట తానే అనేసింది.

"అమ్మా, జర మీ టీవీ సౌండ్ తగ్గియ్యండి."

"టీవీ ఏడిదయ్యా గీడ? పత్తిచేన్ల ఉంటే."

అన్నాక ఆమెకి కూడా తెలిసినట్టుంది. ఫోన్లో గాలి ఒక్కటే మిగిలింది. తప్పయిపోయిందన్న కంగారులో, పాట మాట మరిచి, తన భాషలోకి జారిపోయి, డబ్బాలో రొట్టె తిన్నావా లేదా అని అడిగింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంతా వినేలా అడిగింది, వినేవాళ్ళుంటే.

"తిన్న," అన్నాడు జైరాం లైవ్‌లో. అదొక్కటే ఆ రోజు అతను ఆడిన అబద్ధం.

శశిధర్ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. జేబురుమాలుతో తుడుచుకున్నాడు. కార్యక్రమం ముగిసేదాకా ఇంకే ఫోనూ రాలేదు. అతను లేచి, కిందపడ్డ గులాబీలని ఏరి బల్ల మీద పెట్టాడు.

"వదినను తిట్టకు. మంచిగనే చేసింది." ఒక గులాబీ మీది దుమ్ము ఊదాడు. "ఇగ రేపటి సంది బంద్ పెడదాం అన్నా. నువ్వు పరేషాన్ కాకు. కింద ఆఫీసుల నీకు కుర్సీ ఉంటది."

"సార్, కోదాడ అమ్మ ఒకామె ఉంటది. రోజూ చేసేది. గీ మధ్యనే..."

"ఏ కోదాడ అమ్మ?" అన్నాడు శశిధర్, నిజంగానే తెలీక.

జైరాంకి ఆమె మొహం తెలీదు.

"ఇయ్యాల్టికి నడిపి, అన్ని ఆపేసి, తాళం కింద ఇచ్చిపో," అని శశిధర్ మెట్లు దిగాడు.

అయిదింటికి పిల్లల బొమ్మలాట వేశాడు. ఆరింటికి తల్లి చేతులు వేశాడు. రేపు ఈ వేళకి ఈ చేతులు ఎక్కడుంటాయన్నది అతనికి అంతుపట్టలేదు. కింద కుర్చీలో తను ఉంటాడు, సరే. సూది దిగింది, లేచింది. చీకటి పడుతోంది. లైటు వెయ్యడానికి కూడా లేవలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ముప్పై ఏళ్ళ అమ్మాయి, భుజాన ప్రయాణపు బ్యాగు, చేతిలో బట్టల కొట్టు సంచి. గుమ్మం దగ్గరే ఆగింది.

"అంకుల్, కింద ఆఫీసు మూసేశారు. కేబుల్ కనెక్షన్ తీయించెయ్యాలండీ. కోదాడలో అడిగితే సెట్‌టాప్ బాక్స్ సూర్యాపేటలో ఇచ్చెయ్యమన్నారు. హైదరాబాద్ వెళ్తూ దిగాను."

కోదాడ అన్న మాటకి జైరాం లేచి నిలబడ్డాడు. "ఎవరి పేరు మీదున్నదమ్మా?"

"మా పెద్దమ్మ ఊర్మిళగారండీ. నేను స్వాతిని."

"ఎందుకమ్మా తీసేసుడు? బొమ్మ మంచిగ వస్తలేదా?"

అడుగుతూనే ఉన్నాడు గాని, ఆ అమ్మాయి మొహం చూశాక జవాబు వినాలనిపించలేదు. మాటని ఇంకాస్త సాగదీస్తే బాగుండుననిపించింది.

"ఆవిడ పోయారండీ. నిన్ననే పెద్దకర్మ అయింది. కిరాయి ఇల్లు కదా, ఖాళీ చేసేశాం."

జైరాం తల ఊపాడు. ఆగకుండా ఊపుతూనే ఉన్నాడు.

స్వాతి చూపు టీవీల మీద పడింది. మూడింట్లోనూ అవే చేతులు కుడుతున్నాయి.

"ఇదేనా అండీ! ఇది వచ్చేటప్పుడు మమ్మల్ని మాట్లాడనిచ్చేది కాదు. హాస్టల్లో అంతమంది పిల్లల మధ్యన ఉండి వచ్చింది కదా, పొద్దుగూకే వేళకి ఒక్కర్తే ఇంట్లో ఉండాలంటే భయం ఆవిడకి. ఎవరో పక్కన కూర్చుని పని చేసుకుంటున్నట్టు ఉంటుందే, అనేది."

"మా అమ్మ చేతులవి," అన్నాడు జైరాం.

స్వాతి వాటి వంక మళ్ళీ చూసింది. "పెద్దమ్మకి తెలుసా?"

"లేదమ్మా. ఎన్నడు చెప్పలే."

ఇద్దరూ కాసేపు నిలబడి చూశారు. బయట బస్టాండులో కండక్టర్ హైదరాబాద్, హైదరాబాద్ అంటున్నాడు.

"ఆరోజు కూడా ఇదే నడుస్తోందండీ," అంది స్వాతి మెల్లగా. "టీవీ చప్పుడు మరీ ఎక్కువగా ఉందని పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. ఎంతకీ తియ్యకపోతే కిటికీలోంచి చూశారంట. కుర్చీలోనే ఉంది."

"ఏ యాళకమ్మా?"

"ఇదే వేళకండీ."

జైరాం టీవీల వంక తిరిగాడు. ఆ సాయంత్రం తను కింద హోటల్లో టీ తాగుతున్నాడో, మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడో. అక్కడ ఒక మనిషి పోతూ ఉంది, ఇక్కడి నుంచి పంపిన చేతులు ఆమె ముందు కుడుతూ ఉన్నాయి. ఎవరూ చూడ్డం లేదేమో అన్నదొక్కటే ఇన్నాళ్ళూ అతని భయం. చూస్తున్నవాళ్ళకి ఏమవుతోందో ఇక్కడి నుంచి తెలీదని ఇప్పుడే తట్టింది.

"బస్సు వెళ్ళిపోతుందేమో అంకుల్. రసీదు ఏమైనా ఇస్తారా?"

"ఏమొద్దమ్మా. పెట్టిపో."

ఆమె సంచిని బల్ల మీద పెట్టి, ఇంకోసారి టీవీల వంక చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఏడైంది. చేతుల వీడియో ముగిసింది. ఇప్పుడు వార్తలు వెయ్యాలి. జైరాం కుర్చీలోనే ఉండిపోయాడు. మూడు తెరలూ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

ఫోన్ వంక చూశాడు. తిట్టడానికైనా ఎవరో ఒకరు చేస్తారు. బొమ్మ పోయిందేమయ్యా, నిద్రపోతున్నవా అంటారు. గొంతు సవరించుకున్నాడు. కింద హోటల్లో నూనె చిటపటలు వినపడుతున్నాయి, రోడ్డు మీద లారీల హారన్లు. నల్లటి తెరల్లో తన మొహమే మూడు చోట్ల మసక మసకగా కనపడుతోంది. దారం చుట్టిన కళ్ళజోడు మూడు. ఎంతసేపు చూసినా ఫోన్ మోగలేదు.

ఏదో ఒకటి చెయ్యాలని సంచి దగ్గరికి లాక్కుని విప్పాడు. కేబుల్ డబ్బా ఉంది, తుడిచి తెచ్చారు. దాని మీద పాలిథిన్ కవరులో చుట్టి, రెండు రబ్బరుబ్యాండ్లు వేసిన రిమోట్. కవరు పసుపుపచ్చ మరకలతో ముడతలు పడి ఉంది, వంట చేతులతోనే పట్టుకునేదేమో. అంకెల్లో సగం చెరిగిపోయాయి. రబ్బరుబ్యాండ్లు తీసి, కవరు విప్పి, వెనక మూత జరిపాడు.

లోపల సెల్లులు రెండూ కొత్తవి, ఇంకో ఏడాదైనా నడిచేవి, ఇంకా మెరుస్తున్నాయి.